ముందే కాపురానికెళ్ళిన అడుగులు

మధ్యాహ్నం రెండున్నరకి బడి వంటగదిలో ఆఖరి కస్టర్డ్ గిన్నె కడిగి బోర్లించాక లోర్నా పికర్స్‌గిల్ ఏప్రన్ విప్పేది. చేతులకి కాస్త గ్లిజరిన్ రాసుకుని మూడూ పదికి బస్సెక్కేది. మూడున్నరకల్లా కొండమీది వృద్ధాశ్రమంలో దిగేది. వాళ్ళ నాన్న విల్ఫ్ గది వరండా చిట్టచివర. ఆమె ఇంకా సగం దూరంలో ఉండగానే లోపల్నుంచి కేక వినబడేది.

"టీ నీళ్ళు పడెయ్యండర్రా, మా పిల్ల వచ్చేసింది!"

విల్ఫ్‌కి చూపు పోయి ఆరేళ్ళయింది. నలభై ఏళ్ళపాటు స్కెల్బీ మార్కెట్లో బూట్లు బాగుచేసే కొట్టు నడిపిన మనిషి. ఊళ్ళో ఎవరి మడమ ఎటు అరుగుతుందో ఆయనకి కంఠతా వచ్చు. మొహాలు ఒక్కొక్కటే మరపున పడ్డాయి గానీ అడుగులు మాత్రం పడలేదు. "నీది ఎడమ మడమ బయటివైపు అరుగుతుంది పిల్లా, అచ్చం మీ అమ్మ పోలిక" అని రోజూ అంటాడు. రోజూ కొత్తగా చెబుతున్నట్టే అంటాడు.

లోర్నా అద్దెకుండే ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, అరవై రెండు మెట్లు. మోకాళ్ళు అరిగిన ముసలాయన ఓసారి రెండో మలుపు దగ్గర పడ్డాక ఆశ్రమంలో చేర్చక తప్పలేదు. అది చెడ్డచోటేం కాదు. తిండి బాగుంటుంది, దుప్పట్లు శుభ్రంగా ఉంటాయి. అయినా ఆయన ఏడాదిన్నరలో సగమైపోయాడు. "ఇక్కడ అందరివీ రబ్బరు చెప్పులే పిల్లా. చెవులకి పనే లేదు. రోజుకో గంట, నువ్వొచ్చినప్పుడు బతుకుతున్నా" అన్నాడొకసారి, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు. ఆ మాట లోర్నా గుండెలో ముల్లులా దిగబడింది. కిందనే ఓ గది, కిందనే ఓ మరుగుదొడ్డి ఉన్న ఇల్లు కొని నాన్నని తెచ్చుకోవాలి. నలభై ఆరేళ్ళ లోర్నాకి ఇంక వేరే కోరికంటూ లేదు.

టెంటర్ వీధిలో పద్నాలుగో నంబరు ఇల్లు అలాంటిదే. రాతి గోడలు, పదమూడు మెట్లు, ముందువైపు ఎండ పడే గది. మార్చిలో ఒక బుధవారం ఆమె చెప్పిన ధరకి ఇంటావిడ ఒప్పుకుంది. ఏజెంటు నైజల్ ఆ కబురు ఫోన్ చేసి చెప్పేసరికి లోర్నా నాలుగొందల మంది పిల్లలకి గ్రేవీ కలుపుతోంది. గరిటె వదిలేసి పెద్ద వంటావిడ దగ్గరికి పరిగెత్తింది. తడి గచ్చుమీద రెండంగలు చప్పుడయ్యాయి, మూడో అంగ కాలేదు.

పెద్ద వంటావిడ తలెత్తి, కిందకి చూసి, "వెళ్ళిపోయాయా? మంచిది. సంతోషం" అని మళ్ళీ క్యారెట్లు తరుక్కుంది.

స్కెల్బీలో అంతే. బేరం కుదిరిందన్న మాట రాగానే కొన్నవాళ్ళ అడుగుల చప్పుడు కొత్తింటికి వెళ్ళిపోతుంది. తాళాలు చేతికొచ్చి మనిషి చేరేదాకా ఆ ఇంట్లోనే తిరుగుతుంటుంది. ఈలోగా మనిషి చప్పుడు లేకుండా నడవాలి. ఎదటివాళ్ళు జడుసుకోకుండా బూటు తాడుకి కట్టుకోమని ఏజెంటు ఓ చిన్న గంట ఇస్తాడు. పిల్లి మెళ్ళో కట్టేలాంటిది. దానిమీద వాళ్ళ ఆఫీసు పేరు కూడా చెక్కి ఉంటుంది. ప్రచారం ఎందుకు వదులుకుంటారు?

ఆ సాయంత్రం గంట కట్టుకుని ఆశ్రమం వరండాలో నడుచుకుంటూ వెళ్తే లోపల్నుంచి కేక రాలేదు.

"ఎవరి పిల్లి అది?" అన్నాడు విల్ఫ్, ఆమె గుమ్మంలోకొచ్చాక.

"నేనే నాన్నా. ఇల్లు కుదిరింది."

ముసలాయన కుర్చీలోంచి లేవబోయి, కూలబడి, పకపకా నవ్వాడు. "నీ అడుగులు అప్పుడే కాపురానికెళ్ళాయన్నమాట! మెట్లు ఎలాంటివే? రాయా, చెక్కా?"

"చెక్క. నడుమ తివాసీ పట్టీ ఉంది."

"పీకి పారెయ్. వినబడి చావదు." కాసేపు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె లేచేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గించి, "వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళు పిల్లా. లేకపోతే ఖాళీ గదితో మాట్లాడుకుంటూ కూచుంటా" అన్నాడు.

మర్నాడే లోర్నా ఆశ్రమం మేనేజరుకి చెప్పేసింది, మే నెలాఖరుకి నాన్నని తీసుకెళ్ళిపోతానని. ఆ గదికోసం పదకొండు మంది వరసలో ఉన్నారు. వారం తిరక్కుండానే గది ఇంకొకరి పేరున రాసేశారు. మాటకీ సంతకానికీ మధ్య మూడు నెలలుంటాయనీ, ఆ మూడు నెలల్లో ఏమైనా జరగొచ్చనీ స్కెల్బీలో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఎవరికి వాళ్ళు, తమ విషయంలో మాత్రం అలా జరగదనుకుంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, శనివారం పొద్దున్నే లోర్నా టేపు పట్టుకుని కర్టెన్ల కొలతలకి టెంటర్ వీధికి బయల్దేరింది.

ఇంటావిడ ఈనిడ్ క్రాబ్‌ట్రీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. సముద్రం ఒడ్డున ఫైలీలో చిన్న ఇల్లొకటి బేరమాడుకుంది కాబట్టి ఆవిడ అడుగులు కూడా ఎప్పుడో అక్కడికెళ్ళిపోయాయి. ఆవిడ తలుపు తీసి, లోపలికి నడిచి, కెటిల్ పెట్టి, ఎండుద్రాక్ష రొట్టె కోసి తెచ్చింది. వీటిలో దేనికీ కాలి చప్పుడు లేదు.

పైన మాత్రం ఎవరో నడుస్తున్నారు.

లోర్నా టేపు పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. పైగదిలో కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, మెట్ల మీద ఒక్కొక్కటే దిగుతున్న అడుగులు. ఎడమ కాలు కొంచెం బరువుగా పడుతోంది. తన దగ్గు పక్క గదిలోంచి తనకే వినబడినట్టుంది ఆమెకి. అడుగులు మెట్లు దిగి, నడవలోంచి వచ్చి, వాళ్ళు కూర్చున్న ముందుగది గుమ్మం దగ్గర ఆగాయి.

"రోజూ ఇంతే" అంది ఈనిడ్, టీ వడపోస్తూ. "ఆరింటికల్లా లేస్తావు. తిన్నగా వంటింట్లోకి పోతావు. అక్కణ్ణించి ఈ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడతావు. ఎంతసేపో! లోపలికి రావు, పోవు. ఇక్కడేముందే అమ్మాయ్ నీకు?"

"అది మా నాన్న గదవుతుందండీ."

"అదా సంగతి." ఈనిడ్ ఆ గుమ్మం వైపు చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "నేనూ అలాగే ఆగేదాన్ని, మా ఆయన మంచంలో ఉన్నప్పుడు. ఊపిరి వినబడుతోందా లేదా అని."

వెళ్ళేటప్పుడు ఈనిడ్ ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "ఈ ఇల్లు నీదే. ఇంకెవరికీ చూపించొద్దని నైజల్‌తో చెప్పేశాను. మాటంటే మాటే."

ఏప్రిల్ అంతా కాగితాలతో గడిచిపోయింది. గోడల తేమ చూసేవాడొచ్చాడు, పైకప్పు చూసేవాడొచ్చాడు. లాయరు ఉత్తరాలమీద ఉత్తరాలు రాశాడు. వీధి మొగన బోర్డుమీద 'అమ్ముడుపోయింది' అని పెద్దక్షరాలు, దానికింద 'సంతకాలకి లోబడి' అని చీమంత అక్షరాలు. లోర్నా ఆ చీమల్ని చూడలేదు. చూసినా పట్టించుకునే స్థితిలో లేదు. నాన్న మంచానికి, చెవికందేట్టు ఓ రేడియోకి చోటు చూసుకుంటోంది.

మే మొదటి వారంలో నైజల్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గ్రేవీ కాదు, బంగాళాదుంపలు.

"మిస్ పికర్స్‌గిల్, ఒక చిన్న మార్పొచ్చింది. ఇరవై రెండు వేల పౌండ్లు ఎక్కువిస్తామని ఒకాయన ముందుకొచ్చారు. నగదు. అప్పు గొడవ లేదు. మీరేమైనా పెంచగలిగితే..."

"బేరం కుదిరిపోయింది కదండీ."

"కుదిరింది. కానీ సంతకాలు కాలేదు."

"ఆవిడ నా చేతిలో చెయ్యేసి చెప్పింది!"

"చేతిలో చెయ్యేసింది నిజమే, మిస్ పికర్స్‌గిల్. చేతులకి మా ఆఫీసులో ఫైలుండదు."

ఆమె దగ్గర ఇంకో ఇరవై రెండు వందలు కూడా లేవు. చేతికొచ్చిన కూడు నోటిదాకా రాలేదు. ఏప్రన్ విప్పకుండానే టెంటర్ వీధికి నడిచింది. గంట మోగుతూనే ఉంది. ఆ గంట మీద ఒళ్ళు మండి మధ్యదారిలో తెంచి కాలవలో విసిరేసింది.

ఈనిడ్ తలుపు తీసి, మొహం చూసి, పక్కకి జరిగింది. కూచోమని అనలేదు.

"మాటంటే మాటే అన్నారు."

"అన్నాను."

"మా నాన్న గది పోయిందండీ. ముప్ఫయ్యొకటో తారీఖుకి ఖాళీ చెయ్యాలి. ఇంకో ఆశ్రమం దొరికింది, నలభై మైళ్ళ దూరంలో. వారానికోసారి కూడా వెళ్ళలేను. రోజూ నేను వెళ్ళే ఆ గంటకోసం బతుకుతున్నానన్నాడాయన. ఆ గంట కూడా ఉండదు."

ఈనిడ్ వేళ్ళు శాలువా కొసని మెలిపెడుతున్నాయి. "ఫైలీ వాళ్ళు పోయిన సోమవారం పదిహేడు వేలు పెంచారు లోర్నా. ఇవ్వకపోతే ఇంకొకరికిస్తామన్నారు. నా అడుగులు అక్కడున్నాయి. జనవరి నుంచి అక్కడే ఉన్నాయి. రోజూ కిటికీ దాకా వెళ్ళి సముద్రం చూసొస్తున్నాయట. అవి అక్కడ నాటుకుపోయాయి. తిరిగి రాకపోతే? ఈ వయసులో, ఒంటరిగా, చప్పుడు లేని మనిషిగా ఎన్నాళ్ళుండను? పోయిన వారం స్నానాలగదిలో జారాను. పక్కింటివాళ్ళకి ఏమీ వినబళ్ళేదు. మూడు గంటలు పడున్నాను."

"నన్ను ముంచి మీరు ఒడ్డెక్కారు."

"అవును" అంది ఈనిడ్. తల దించుకోలేదు. "సిగ్గేస్తోంది. కానీ మనసు మార్చుకోను."

లోర్నాకి ఆవిణ్ణి తిట్టాలనిపించింది. అప్పుడే పైన అడుగులు కదిలాయి. మెట్ల చివరిదాకా వచ్చి ఆగాయి. కింద ఇద్దరాడవాళ్ళు చప్పుడు లేకుండా నిలబడి, పైన ఎవరూ లేనిచోట ఒకరు నిలబడి ఉండటాన్ని విన్నారు.

బేరం చెడితే అడుగులు మూడో రోజుకి తిరిగొచ్చేస్తాయి. స్కెల్బీలో అది అందరికీ తెలిసిందే. పాత బూట్లు తాళ్ళు విప్పి, ముందువైపు ఇంట్లోకి తిప్పి గుమ్మంలో పెట్టాలి. లోర్నా పెట్టింది. మూడో రోజు కాదుకదా పన్నెండో రోజుకి కూడా రాలేదు. పెద్ద వంటావిడ, "బాగా ఇష్టపడి వెళ్ళుంటాయి" అంది జాలిగా. "మా పిన్నివి అలాగే బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండిపోయాయి. ఆవిడ పోయాక కూడా ఉన్నాయి."

బడి పిల్లలు ఆమె వెనకనించి వస్తే ఉలిక్కిపడుతున్నారు. వీధికుక్క ఒకటి ఆమెని చూడగానే కాళ్ళమధ్య తోక ముడుచుకుని పక్కకి తప్పుకుంటోంది. కంకర మీద నడిచినా, ఎండుటాకుల మీద నడిచినా చప్పుడు లేదు. వానలో నీళ్ళగుంటలో అడుగేస్తే నీళ్ళు చిందుతాయి, చప్పుడు చెయ్యవు. నిజంగా నడుస్తున్నానా అని రెండు మూడుసార్లు ఆమే కిందకి చూసుకుంది.

వీటన్నిటికంటే నాన్న గదిలో జరిగేది ఘోరంగా ఉంది. ఆమె వెళ్ళి పక్కన కూచుని మాట్లాడుతుంది. ఆయన సమాధానమిస్తాడు. కానీ మొహం మాత్రం తలుపు వైపే ఉంటుంది.

"నేనొచ్చాను నాన్నా. ఇదిగో, చెయ్యి."

"తెలుసు పిల్లా. నీ గొంతు వచ్చింది. నువ్వింకా రాలేదు." ఆయన నొచ్చుకుంటూ తల గోక్కున్నాడు. "నువ్వేనని బుర్రకి తెలుసు. చెవులు ఒప్పుకోవట్లేదు. మూడున్నర నుంచి ఎదురుచూడ్డం మొదలెడతాయి, ఆపమంటే ఆపవు. నువ్వెళ్ళిపోయాక కూడా చూస్తూనే ఉంటాయి. అలిసిపోతున్నానే."

నర్సు చెప్పింది, రాత్రి భోజనం కూడా ముట్టడం లేదని.

పద్నాలుగో నంబరు కొన్న పెద్దమనిషి పేరు లాసిటర్. ఎక్కడో లండన్ వైపు మనిషి. అలాంటి ఇళ్ళు పదిహేను ఉన్నాయట. శని ఆదివారాలు కొండలెక్కడానికొచ్చేవాళ్ళకి రోజు లెక్కన అద్దెకిస్తాడు. "ఆయన అడుగులు ఒక్కటీ రాలేదే అమ్మాయ్" అని ఈనిడ్ ఫోన్లో చెప్పింది. గొంతులో భయం ఉంది. "ధర ఒప్పుకున్నాను, సంతకాలైపోయాయి. ఒక్క అడుగంటే ఒక్కటి లేదు. ఉండే ఉద్దేశం లేనివాడికి అడుగులెక్కణ్ణించొస్తాయి? ఇక్కడ ఇప్పటికీ నువ్వొక్కదానివే తిరుగుతున్నావు. ఇరవై తొమ్మిదిన నేను వెళ్ళిపోతున్నా. మధ్యాహ్నం పన్నెండుకి తాళాలిచ్చెయ్యాలి. ఆలోగా వచ్చి నీవి నువ్వు పిలుచుకుపో. లేకపోతే అవి ఈ గోడల్లోనే ఉండిపోతాయి."

ఆ మాట నాన్నతో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పింది. విల్ఫ్ వెంటనే కర్రకోసం తడుముకున్నాడు.

"నువ్వున్న చోటికి నన్ను తీసుకుపో."

"నేనిక్కడే..."

"పోట్లాడకే. తీసుకుపో."

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున పదకొండింటికి టాక్సీలో వెళ్ళారు. ఇంటిముందు సామాన్ల వ్యాను ఆగి ఉంది. గోడలమీద పటాలు తీసినచోట తెల్లటి చదరాలు. ముందుగదిలో ఒక్క కుర్చీ మిగిలింది. ఈనిడ్ దాన్ని కిటికీ దగ్గరికి జరిపి, విల్ఫ్ మోచెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. ఇద్దరూ పలకరించుకున్నారు. తన భర్త బూట్లు ఒకప్పుడు ఈయనే కుట్టాడని అప్పుడు బయటపడింది.

పైన అడుగులు కదిలాయి.

ముసలాయన మొహం ఒక్కసారిగా పైకి లేచింది. లోర్నా ఆ మొహాన్ని జన్మలో మరిచిపోలేదు. మూడు నెలలుగా బిగదీసుకున్న నరమేదో వదిలినట్టు నోరు తెరుచుకుంది.

"అదిగో" అన్నాడు. "అదిగో నా పిల్ల! పైనేం చేస్తున్నావే? దిగు! టీ నీళ్ళు పెట్టమను!"

అడుగులు మెట్లు దిగాయి. ఎప్పుడూ దిగే తీరున కాదు, గబగబా, చిన్నపిల్ల దిగినట్టు. నడవలోంచి వచ్చాయి. గుమ్మం దగ్గర ఆగలేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి లోపలికొచ్చి, చెక్క నేలమీద టకటకమంటూ కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాయి.

"ఎడమ మడమ మళ్ళీ అరగదీశావు" అన్నాడు విల్ఫ్. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "ఎన్నిసార్లు చెప్పాలి? అంచుమీద నడవకే అని."

లోర్నా కిటికీ పక్కనే ఉంది. రెండంగల దూరం. ఇదే అదను అనుకుంది. అడుగులు ఎక్కడ ఆగాయో ఆ పలక చూసుకుని, అక్కడికెళ్ళి, దానిమీద తన రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. చప్పుడు తనలోకి వచ్చేస్తుందని ఆశపడింది. పాదాల కింద చెక్క ఓసారి వణికింది. తర్వాత అడుగులు నెమ్మదిగా, మర్యాదగా, రెండడుగులు పక్కకి జరిగాయి. ఇంటికొచ్చిన కొత్తమనిషికి దారిచ్చినట్టు జరిగాయి.

ఈనిడ్ అది వింది. చటుక్కున చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

పన్నెండుకి నైజల్ తాళాలకోసం వచ్చాడు. విల్ఫ్ కుర్చీలోంచి లేచి, మోచెయ్యి వంచి పక్కకి చాపాడు. లోర్నా వైపు కాదు. "పద పిల్లా, ఇంటికి పోదాం." ముసలాయన గుమ్మం దాటాడు. ఆయన పక్కనే అడుగులూ గుమ్మం దాటాయి. రాతి మెట్టు దిగి వీధిలో పడ్డాయి.

"ఇల్లు వదిలేశాయి" అంది ఈనిడ్ గుసగుసగా. "ఇంటికోసం కాదన్నమాట ఇన్నాళ్ళూ ఉన్నది."

నైజల్ తాళాలు లెక్కపెట్టుకుని, "ఖాళీగా అప్పజెప్పినట్టు రాసుకుంటాను" అన్నాడు.

టాక్సీ ఆశ్రమానికి మాట్లాడిందే. విల్ఫ్ ఎక్కలేదు. అడుగులు టెంటర్ వీధి మొగన ఎడమవైపు తిరిగి, కాలవ వంతెన దాటి, లోర్నా ఉండే ఫ్లాట్ల వైపు సాగాయి. ఆయన వాటి పక్కన కర్ర ఊపుకుంటూ, పాత మార్కెట్ కబుర్లు చెప్పుకుంటూ నడిచాడు. ఎదురొచ్చినవాళ్ళు టోపీ ఎత్తి ఇద్దరికీ దారిచ్చారు. లోర్నా పది గజాల వెనక నడిచింది. తనకి మాత్రం ఎవరూ దారివ్వలేదు, గుద్దుకోబోయి అప్పుడు చూసి క్షమించమన్నారు.

మెట్ల మొదటికి ఆమె పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, వద్దు! అరవై రెండున్నాయి!" అని అరిచింది. అప్పటికే అడుగులు పైకెక్కుతున్నాయి. ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ వాటి వెనకే ఎక్కాడు. మలుపు దగ్గర ఆయాసపడి ఆగితే అడుగులూ ఆగాయి. ఆయన కదిలితే కదిలాయి. పడితే పట్టుకుందామని లోర్నా రెండు చేతులూ చాచి వెనకాలే ఎక్కింది. పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఇరవై నిమిషాల్లో నాలుగో అంతస్తుకి చేరాడు. ఏడాదిన్నర కిందట రెండో మలుపు దాటలేక పడ్డ మనిషి.

"ఆకలేస్తోంది" అన్నాడు కుర్చీలో కూలబడి.

లోర్నా వంటింట్లోకెళ్ళి వెక్కివెక్కి ఏడ్చింది. అది సంతోషంతోనే. నలభై మైళ్ళ ఆశ్రమానికి ఫోన్ చేసి గది అక్కర్లేదని చెప్పేసింది. ఇల్లు పోయింది, పోతే పోయింది. నాన్న వచ్చాడు. కోరుకున్నది అదే కదా!

ఆ వేసవి అంతా విల్ఫ్ పుంజుకున్నాడు. బుగ్గలు నిండాయి. గుడ్లు రెండేసి తిన్నాడు. అడుగులు ఆయన కుర్చీ చుట్టూ తిరిగేవి, కిటికీ దాకా వెళ్ళొచ్చేవి, మూడున్నరకి కిందనించి మెట్లెక్కి వచ్చేవి. అది వినగానే ఆయన కేకేసేవాడు. ఫైలీ నుంచి ఈనిడ్ ఉత్తరం రాసింది. తలుపు తీసి లోపల కాలు పెట్టగానే తన చప్పుడు తనకొచ్చేసిందనీ, సంతోషంతో సాయంత్రందాకా ఇల్లంతా తిరిగాననీ. చివర్లో, 'నీవి నిన్ను చేరాయా?' అని అడిగింది. దానికి లోర్నా జవాబు రాయలేదు.

చేరలేదు. ఆమె దగ్గరికెళ్తే పక్కకి తప్పుకుంటున్నాయి. పైగా నాన్న మాటలన్నీ వాటితోనే. ఆమె ఏమైనా అంటే వింటాడు, తల తిప్పి గొంతు వచ్చిన వైపు మర్యాదగా నవ్వుతాడు. జులై నాటికి ఆమెని పేరుపెట్టి పిలవడం మానేశాడు. అది ముసలితనమో, చెవుల మొండితనమో డాక్టరు కూడా తేల్చలేదు.

ఆగస్టులో ఓ రోజు ఆమె ఉండబట్టలేకపోయింది. ఆయన ముందు మోకాళ్ళమీద కూచుని, రెండు చేతులూ పట్టుకుని, "నాన్నా, నేను లోర్నాని. ఇదిగో నా మొహం, తడిమి చూడు. ఆ తిరిగేది వట్టి చప్పుడు. అది నేను కాదు" అంది.

ఆయన ఆమె మొహం తడిమాడు. "అలాగా" అన్నాడు. "అయితే మా పిల్ల ఇంకా రాలేదన్నమాట."

మూడు రోజులు తలుపు వైపు మొహం పెట్టి కూచున్నాడు. తినలేదు. అడుగులు చుట్టూ తిరుగుతున్నా పట్టించుకోలేదు. మూడో రోజుకి పెదవులు ఎండి పగిలాయి. లోర్నా భయపడిపోయింది. ఆయన చెవి దగ్గరకొంగి, "నేనేదో వేళాకోళానికి అన్నానండీ. మీ అమ్మాయి అప్పుడే వచ్చేసింది. వినండి" అంది. ఆయన విన్నాడు. ఊపిరి వదిలాడు. చెంచాతో సూపు పడితే తాగాడు.

సెప్టెంబరులో బళ్ళు తెరిచారు. లోర్నా కస్టర్డ్ గిన్నెలు తోమి మూడున్నరకి ఇల్లు చేరేది. తలుపు తీసి, చప్పుడు లేకుండా లోపలికొచ్చి, కెటిల్ పెట్టేది. ఓ సాయంత్రం కప్పు తెచ్చి ఆయన చేతికందించింది. వేళ్ళు వేళ్ళకి తగిలాయి. ఆయన కప్పు పట్టుకుని, తాగకుండా తల కొంచెం వంచాడు.

"ఎన్నాళ్ళనించో అడుగుదామనుకుంటున్నానమ్మా. రోజూ వచ్చి ఇంత సాయం చేసి పోతున్నారు. మీరెవరో ఇంతవరకూ అడగనేలేదు. తప్పుగా అనుకోవద్దు."

కిటికీ దగ్గర అడుగులు ఆగిపోయాయి. అవి కూడా వింటున్నాయేమో అనిపించింది లోర్నాకి. ఆమె ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుంది.

"కింది ఫ్లాటులో ఉంటానండీ."

"అయ్యో, అలాగా! అయితే మా పిల్ల నడకతో మీకు రోజూ నెత్తిమీద టకటకలే. దానికి ఎడమ కాలు బరువు. ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేం లేదండీ" అంది లోర్నా. "వింటూ ఉంటాను. బాగుంటుంది."